మూడో గడప దగ్గర ఆగిన పాట

మా పాటల సంఘంలో దయ్యాల పాటలకు చివరి చరణం ఉండదు. ఉండదంటే పుట్టుకతోనే లేదని కాదు, పాడకూడదు. ఏడాదికొక సాయంత్రం దయ్యాల పాటలకని కేటాయిస్తాం. ఆ సాయంత్రం ఎవరు ఏ పాట ఎత్తుకున్నా ఆఖరి చరణం ముందు నోరు మూసుకోవాలి. పాట పూర్తయితే అందులో ఉన్న దయ్యానికి ఉండటానికి చోటు చాలక మా గదిలోకి వచ్చేస్తుందట. మా గదిలో కుర్చీలు తొమ్మిదే. ఇంటికి వచ్చినదాన్ని నిలబెట్టి మాట్లాడటం మర్యాద కాదు కదా.

ఈ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. పెట్టినాయనకు ఆ రోజు తన పాటలో చివరి చరణం గుర్తు రాలేదేమోనని నా అనుమానం. ఈ మాట ఒకసారి పైకే అన్నాను. గడియారాలాయన నా వైపు రెండు నిమిషాలు చూశారు. ఆయన రెండు నిమిషాలంటే కచ్చితంగా రెండు నిమిషాలే.

గడియారాలాయన మా సంఘానికి పెద్ద. కింద ఆయన రిపేరు షాపు, పైన మేం పాడుకునే గది. షాపులో పట్టని గోడ గడియారాలన్నీ ఆ గదిలోనే వేలాడుతుంటాయి, పదిహేడు. దయ్యాల సాయంత్రం మాత్రం పాట మధ్యలో ఏదీ గంట కొట్టకుండా ఆయన స్టూలెక్కి ఒక్కొక్క లోలకాన్నీ చేత్తో ఆపేస్తారు. ఆ నిశ్శబ్దం మా పాటలకంటే ఎక్కువ భయపెడుతుంది. తర్వాత దీపం ఆర్పుతాం. ఆగిపోయిన పాత జేబు గడియారం ఒకటి చేతులు మారుతుంటుంది. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు పాడాలి, మిగతావాళ్ళు నోరెత్తకూడదు. పాట అయ్యాక చీకట్లో తడుముకుని ఎడమవైపు కూర్చున్నవాళ్ళ చేతిలో పెట్టాలి.

ఇరవై రెండేళ్ళుగా ఇలా పాడీ పాడీ మేం సాధించిందేమిటంటే, మా దగ్గర పద్నాలుగు దయ్యాల పాటలున్నాయి, ఒక్కదాని చివరా ఎవరికీ రాదు. గడియారాలాయన పాటలో తల తెగిన కాపలావాడు ఇంకా తల వెతుక్కుంటూనే ఉన్నాడు. మందులావిడ పాటలో వంతెన మీద కూర్చున్న పెళ్ళికూతురు జుట్టు దువ్వుకుంటూనే ఉంది. చిక్కు తీసుకుని లేచి ఎక్కడికి వెళ్ళిందో అడిగితే, "ఏమోనమ్మా, మా మేనత్తకు తెలుసేమో, ఆవిడ పోయి పదేళ్ళయింది" అంటుంది.

నా సంగతి వేరు. నాకు ఆ నియమంతో ఇబ్బందే లేదు. నా పాటలో చివరి చరణం నాకు నిజంగానే రాదు.

అది మా అమ్మ పాట. మమ్మల్ని నిద్రపుచ్చడానికి పాడేది. దయ్యం పాటతో పిల్లల్ని నిద్రపుచ్చే తల్లి ఎలాంటిదని మీరనుకోవచ్చు. మా అమ్మ పద్ధతులన్నీ అలాగే ఉండేవి, పనిచేసేవి కూడా. పాటలో ఒకామె నీళ్ళకు వెళ్ళి చాలా ఆలస్యంగా వస్తుంది. తను నీళ్ళలోనే ఉండిపోయిందని ఆమెకు తెలియదు. మొగుడి తలుపు తడుతుంది. "మా ఇంటిది పోయి ఏడాదయింది, నువ్వెవరివే?" అంటాడు లోపలినుంచి. నేస్తం తలుపు తడుతుంది. నేస్తం కిటికీలోంచి చూసి దీపం ఆర్పేస్తుంది. మూడోది తోడబుట్టినదాని ఇల్లు.

*మూడో గడప తోడబుట్టువుది, ముంగిట నిలుచున్నాది*
*కడవ దించక, పేరు చెప్పక, మూడుసార్లు తట్టినాది*

ఇక్కడికి వచ్చేసరికి నేను నిద్రపోయేదాన్ని, లేదా పోయినట్టు నటించేదాన్ని. అమ్మ ఆపేసేది. నిజంగా నిద్రపోయాక మిగతాది అక్కకు పాడేదట. అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది, దేనికీ భయపడేది కాదు. తలుపు తీసిందా లేదా అని పొద్దున్నే అక్కను అడిగేదాన్ని. "పెద్దయ్యాక చెప్తాలేవే" అనేది. పెద్దయ్యాక అడగటం మరిచిపోయాను. గుర్తొచ్చేసరికి అమ్మ లేదు, అక్కతో నాకు మాటల్లేవు.

మాటలు పోయిన వైనం చెప్పడం కష్టమేమీ కాదు, విన్నవాళ్ళు నన్ను మెచ్చుకోరు, అంతే. అమ్మకు బాగోలేనప్పుడు అక్క ఫోన్ చేసి, "తొందరేం లేదే, శనివారం రా" అంది. అమ్మ శుక్రవారం మధ్యాహ్నం పోయింది. నేను వెళ్ళేసరికి హాలు నిండా జనం. అందరి ముందూ అక్కను పట్టుకుని, "నువ్వు కావాలనే నన్ను రానివ్వలేదు" అన్నాను. ఆ మాట నోట్లోంచి బయటికి వస్తుండగానే తప్పని తెలుసు. తెలిసినా సగంలో ఆపడం చేతకాలేదు. అక్క ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే బావుండేది, మర్నాడే కలిసిపోయేవాళ్ళం. మూడేళ్ళయింది. అక్క ఇల్లు మా ఇంటికి నాలుగు వీధుల అవతల. ఆ నాలుగు వీధులూ తప్పించుకుని కూరగాయలు కొనడానికి నేను కనిపెట్టిన దారి చూస్తే రోడ్లు వేసేవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు.

కాబట్టి, చివరి చరణం కావాలంటే అక్క గడప ఎక్కాలి. ఎక్కి ఏం చెప్పాలి? పాట కోసం వచ్చానని చెప్పాలా?

ఈ ఏడాది దయ్యాల సాయంత్రం వాన పడింది. అందరం మెట్ల మీద చెప్పులు విడిచి, గొడుగులు మూలన పెట్టి ఎవరి కుర్చీలో వాళ్ళం కూర్చున్నాం. నాకు ఎడమవైపు మందులావిడ, కుడివైపు శ్రుతిపెట్టె. ఆయన అసలు పేరు నాకు తెలుసు గానీ వాడే అవసరం ఎప్పుడూ రాలేదు. పన్నుల ఆఫీసులో పనిచేస్తారు. హార్మోనియం తెస్తారు, దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వరు. మా ఆయన సభ్యుడు కాదు. ఆయన కట్టుడు పళ్ళ సెట్లు తయారుచేస్తారు, రాగానికీ ఆయనకూ మధ్య ఏ చుట్టరికమూ లేదు. నన్ను దింపడానికి వచ్చి తలుపు పక్కన స్విచ్చు దగ్గర నిలబడతారు. దీపం ఆర్పడం, వెలిగించడం ఆయన ఉద్యోగం. గడియారాలాయన నోట్లో ఉన్న పళ్ళు ఆయన కట్టినవే కాబట్టి ఆ ఉద్యోగానికి పోటీ లేదు.

గడియారాలాయన పదిహేడు లోలకాలూ ఆపారు. స్టూలు దిగి, "అందరికీ గుర్తుంది కదా. చివరి చరణం పాడినవాళ్ళకు ఏడాది పాటు పాట లేదు, చప్పట్లే" అన్నారు. ఆయన 'చ' అన్నప్పుడల్లా పళ్ళ సందునుంచి సన్నగా ఈల వస్తుంది. మా ఆయన నేల చూపులు చూశారు.

దీపం ఆరింది.

కాపలావాడు తల వెతుక్కున్నాడు. ఇంకో ఇద్దరి పాటలయ్యాయి. శ్రుతిపెట్టె చేయి చీకట్లో నా మోచేతిని వెతికి, తర్వాత నా అరచేతిని వెతికి, చల్లటి గడియారం అందులో పెట్టింది. నేను ఎత్తుకున్నాను.

*నీళ్ళకు పోయినదానిని నేను, పొద్దుగూకి వచ్చాను*
*కడవ బరువు, కాళ్ళు తడి, తలుపు తీయవమ్మా*

ఆ రోజు ఎందుకో గొంతు బాగా పలికింది. వానకు గాలి చల్లబడటం వల్లనేమో. మొగుడి ఇల్లు దాటాను, నేస్తం ఇల్లు దాటాను. మూడో గడప దగ్గర మూడుసార్లు తట్టి ఆపేశాను. ఎడమవైపు చేయి చాచి మందులావిడ చేతిలో గడియారం పెట్టాను. పెట్టానని నాకు కచ్చితంగా గుర్తుంది. ఆవిడ ఉంగరం నా వేలికి గీసుకుంది కూడా.

ఆవిడ గొంతు సవరించుకుంటోంది. అప్పుడు పాట మళ్ళీ మొదలైంది.

*ఎవరని అడగక లేచినాది, దీపం చేత పట్టినాది*
*గడియ మీద చెయ్యి వేసి...*

ఆ గొంతు అమ్మది. అలా అనకూడదు, చదువుకున్నదాన్ని. కానీ వేరే ఏమనాలో తెలియడం లేదు. 'గడియ' అనే చోట కొంచెం ఆగి ఊపిరి తీసుకోవడం కూడా అమ్మలాగే ఉంది. నేను కదల్లేదు. తలుపు తీస్తుందా లేదా అన్నది ఒక్క ఊపిరి దూరంలో ఉంది. నలభై ఏళ్ళుగా ఆగి ఉన్నదాన్ని, ఇంకొక్క క్షణం ఆగలేనా అనుకున్నాను.

మందులావిడ కెవ్వున అరిచింది. ఆ అరుపుకు శ్రుతిపెట్టె లేచి హార్మోనియం మీద పడ్డారు. హార్మోనియం ఇరవై స్వరాలు ఒకేసారి పలికింది. కుర్చీలు దొర్లాయి. ఆ గోలలో ఆఖరి ముక్క ఎక్కడో కొట్టుకుపోయింది. "స్విచ్చు! స్విచ్చు!" అని గడియారాలాయన అరుస్తుంటే ఈల తప్ప ఏమీ వినబడలేదు. మా ఆయన స్విచ్చు వేయడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. గదిలో గడియారాలన్నీ ఆగి ఉన్నాయి.

దీపం వెలిగాక అందరూ నా వైపే చూస్తున్నారు.

"గడియారం నా చేతిలో ఉందమ్మా," అంది మందులావిడ, దాన్ని సాక్ష్యంగా పైకెత్తి చూపిస్తూ. "గడియారం నా చేతిలో, పాటేమో నీ నోట్లో! చచ్చాననుకున్నా."

"నేను పాడలేదండీ. మీకు ఇచ్చేశాను కదా."

"ఇచ్చావు. ఇచ్చి మళ్ళీ ఎత్తుకున్నావు."

"గొంతు మీదేనండీ," అన్నారు శ్రుతిపెట్టె, హార్మోనియం తిత్తిని బిడ్డ వీపులా తడుముతూ. "శ్రుతి కూడా మీదే. నాలుగేళ్ళుగా వింటున్నాను, మీరు ఎప్పుడూ పిసరంత కిందే పాడతారు."

"ఆ మాట నాలుగేళ్ళుగా చెప్పలేదేం?"

"మర్యాద కోసం."

"నాకసలు ఆ చరణమే రాదు. ఎలా పాడతాను?" అన్నాను గడియారాలాయనతో. ఈ వాదన చాలా బలమైనదని నా నమ్మకం.

ఆయన తాపీగా కుర్చీ ఎత్తి సరిచేసి కూర్చున్నారు. "రాదంటున్నది మీరే కదమ్మా. రాదని మాకెలా తెలుస్తుంది?"

టీ వచ్చింది. నా విచారణ టీ, బిస్కెట్లతో సాగింది. సరే, నేనే పాడాననుకుందాం, ఏం పాడానో చెప్పండి, ఆఖరికి తలుపు తీసిందా లేదా అని అడిగాను. మిగతా ఎనిమిదిమందిలో ఒక్కరైనా వినకుండా ఉంటారా?

"తీసింది," అంది మందులావిడ. "తీసినట్టు చప్పుడైంది కూడా."

"అది నా హార్మోనియం మూత," అన్నారు శ్రుతిపెట్టె. "తీయలేదు. లోపల ఎవరూ లేరని వస్తుంది."

"లోపల ఎవరూ లేకపోతే గడియ మీద చెయ్యి ఎవరు వేశారయ్యా?"

"అదే కదండీ దయ్యం!"

"రెండూ కాదు," అన్నారు గడియారాలాయన. "తెల్లారింది, కోడి కూసింది. అన్ని దయ్యాల పాటలూ అలాగే అవుతాయి."

"మరైతే మీ కాపలావాడికి తెల్లారలేదేం?" అన్నాను.

ఆయన మళ్ళీ రెండు నిమిషాలు చూసి తీర్పు చెప్పారు. ఏడాది పాటు చప్పట్లు.

అప్పటికి నాకే అనుమానం పట్టుకుంది. ఎనిమిదిమంది ఒకే మాట మీద ఉన్నప్పుడు తొమ్మిదో మనిషి తనను తాను ఎంతసేపని నమ్ముకోగలదు? నిద్రలో మాట్లాడేవాళ్ళుంటారు, నడిచేవాళ్ళుంటారు. కూర్చుని మెలకువతో ఉండి, తనకు రాని పాట పాడేవాళ్ళుంటారా? గొంతు తడుముకున్నాను. ఎండిపోయి ఉంది. పాడినందుకు ఎండిందో, భయానికి ఎండిందో గొంతును చూసి చెప్పడానికి లేదు.

"మీరు చెప్పండి. నేను పాడానా?" అని మా ఆయన్ను అడిగాను.

"నువ్వే అనుకుంటా," అన్నారాయన, కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తూ.

ఇరవై ఆరేళ్ళ కాపురంలో నేను నేర్చుకున్న శాస్త్రం ఒక్కటే. మా ఆయన అబద్ధం చెప్పేముందు కళ్ళద్దాలు తుడుస్తారు. ఆ కళ్ళద్దాలు మా ఇంట్లో అన్నిటికంటే శుభ్రమైన వస్తువు. కానీ నేను పాడానన్నది అబద్ధమా, అనుకుంటానన్నది అబద్ధమా, ఇంకేదైనా మూడోది అబద్ధమా అన్నది కళ్ళద్దాలను బట్టి తెలియదు.

మెట్ల మీద నా చెప్పులు వేసుకున్నాను. నల్ల రబ్బరు చెప్పులు, ఆరో నంబరు. రెండడుగులు వేసేసరికి ఎడమకాలి బొటనవేలి దగ్గర ఏదో గుచ్చుకుంది. రాయేమోననుకుని ఇంటిదాకా కుంటుతూ వచ్చాను.

వంటింటి దీపం కింద చెప్పు తిప్పి చూశాను. నల్ల రబ్బరే, ఆరో నంబరే, నాది మాత్రం కాదు. తెగిన పట్టాను ఎవరో కుట్టారు. చెప్పులు కుట్టేవాళ్ళ కుట్టు కాదది. మైనం పూసిన తెల్లదారం, మూడు ముడులు, మధ్య ముడి కాస్త పొడుగు. పక్కన ఎండిన జిగురు చుక్కలు. లావుపాటి రిజిస్టర్ల వీపు మీద ఆ కుట్టు నేను కొన్ని వందలసార్లు చూశాను.

అక్క బైండింగు పని చేస్తుంది. ఆఫీసుల రిజిస్టర్లు, కాలేజీ పిల్లల థీసిస్‌లు. దానికి ఏది తెగినా ఆ దారంతోనే కుడుతుంది. ఒకసారి నా పరికిణీ కుట్టింది, అది చిరిగిపోయాక కూడా కుట్టు మిగిలింది. చిన్నప్పుడు అమ్మ ఇద్దరికీ ఒకే రకం చెప్పులు కొనేది. ఇద్దరం ఇంకా అవే కొంటున్నామని ఆ సాయంత్రమే తెలిసింది.

"ఏమండీ," అని పిలిచాను.

మా ఆయన వచ్చారు. బల్ల మీద చెప్పు చూశారు. చేయి కళ్ళద్దాల వైపు వెళ్ళింది.

"కళ్ళద్దాలు ముట్టుకోకుండా చెప్పండి."

చెప్పారు. అక్కకు దవడపన్ను తొడుగు ఆయనే చేస్తున్నారట. ఆర్నెల్లుగా వస్తూ పోతూ ఉందట. పోయిన వారం కొలతకు వచ్చినప్పుడు, "దయ్యాల సాయంత్రం మీ చెల్లెలు అమ్మ పాట పాడుతోందండీ వదినగారూ, మీరూ వచ్చి వినకూడదూ" అన్నారట. నోట్లో అచ్చు పెట్టి ఉండటంతో ఆమె ఔననీ అనలేదు, కాదనీ అనలేదట. దీపం ఆర్పాక ఎవరో మెట్లెక్కిన చప్పుడైంది, తలుపు కాస్త తీశానన్నారు. లోపలికి వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. దీపం వేసేసరికి లేదు.

"అంటే పాడింది అక్కే!"

"ఏమో."

"ఏమో ఏంటండీ? మీ పక్కనేగా నిలబడింది!"

"పక్కనే. కానీ పాట నాకు నీ వైపునుంచే వినబడింది."

ఆయనకు రాగంతో పాటు దిక్కులు కూడా తెలియవని ఆ రోజు గ్రహించాను. అమ్మ గొంతు అక్కకు వచ్చిందన్నమాట. రాక ఎక్కడికి పోతుంది, పెద్దకూతురు. రాత్రంతా కుదురుగా నిద్రపోయాను. అనుమానం తీరినందుకు సంతోషించాలో, దొంగచాటుగా వచ్చి నాకు ఏడాది శిక్ష వేయించినందుకు కోపం తెచ్చుకోవాలో తేలకపోయినా, ఒక మంచి సంగతి మాత్రం జరిగింది. ఇప్పుడు అక్క ఇంటికి వెళ్ళడానికి పాట అవసరం లేదు. చెప్పులు మార్చుకోవాలి. చెప్పుల కోసం ఎవరింటికైనా వెళ్ళవచ్చు.

మర్నాడు పదకొండింటికి, అక్క చెప్పులు వేసుకుని, నాలుగు వీధులూ తిన్నగా నడిచాను. ఇంత దగ్గరని మరిచిపోయాను. తలుపు మూసి ఉంది. పక్కన అదే పాత బోర్డు, కింద "ఆలస్యమైతే అడగవద్దు" అని అక్క చేత్తో రాసిన అక్షరాలు. లోపల కాగితం కోసే మిషను చప్పుడు ఆగింది.

ఏమని పిలవాలో తెలియలేదు. మూడేళ్ళయింది, 'అక్కా' అనడానికి నోరు మొరాయించింది. పేరు చెప్పకుండా మూడుసార్లు తట్టాను. తట్టాక గుర్తొచ్చింది, పాటలో ఆవిడా ఇదే పని చేసిందని. ఒళ్ళు జలదరించింది. పట్టపగలు పదకొండింటికి, అదీ ఎండలో.

లోపలినుంచి అక్క ఎవరని అడగలేదు.

"గడియ లేదు, తోసుకురా," అంది. "నా చేతులు జిగురు."

తోశాను. రాలేదు.

"రావట్లేదు."

"గట్టిగా తొయ్యవే. వెనకాల అట్టల కట్ట ఉంది. పొద్దున్నుంచీ నువ్వు వస్తావని దాన్ని జరపాలనే అనుకుంటున్నా."

భుజంతో తోశాను. అట్టల కట్ట కూలింది, దానితో పాటు నేనూ లోపలికి వచ్చి పడ్డాను. అక్క బల్ల దగ్గర నిలబడి ఉంది, మోచేతుల దాకా జిగురు, చేతులు రెండూ గాల్లో. జుట్టు నెరిసింది. కళ్ళద్దాల తాడు కూడా మైనం దారమే.

"నేనని ఎలా తెలుసు?" అన్నాను అట్టల్లోంచి లేస్తూ.

"నా చెప్పుల చప్పుడు నాకు తెలీదా? నీ చెప్పులు అక్కడున్నాయి చూడు. ఏం చెప్పులే అవి, మడమ పక్క అంతా అరిగిపోయి! ఇంటిదాకా పక్కకి ఒరుగుతూ వచ్చా. నడక మార్చుకోలేదన్నమాట."

"వచ్చి మరీ నా చెప్పులు దొంగిలించి..."

"చీకట్లో ఏవో కాళ్ళకి తగిలాయి, వేసుకున్నా."

కొంతసేపు ఇద్దరం చెప్పుల వైపు చూశాం. అక్క మోచేత్తో ముక్కు తుడుచుకుంది.

"నాకేం తెలుసే, శుక్రవారమని," అంది. నా వైపు చూడలేదు. "శనివారమైతే నీకు వీలని అమ్మే అంది."

"నాకు తెలుసు."

"తెలిసే అన్నావా?"

"ఆ."

"పోనీలే," అంది అక్క. ఆ ఒక్క మాటకు మూడేళ్ళు పట్టింది. పలకడానికి అర క్షణం కూడా పట్టలేదు. "ఆ అట్టలు తీసి గోడవారగా పెట్టు. పెద్దవి కింద."

పెట్టాను. పెద్దవి కిందే పెట్టాను. తర్వాత అడిగాను.

"ఆఖరిది మళ్ళీ పాడవా? మందులావిడ అరుపులో పోయింది. గడియ మీద చెయ్యి వేసి... తర్వాత?"

అక్క నా వైపు వింతగా చూసింది. బ్రష్షు జిగురు గిన్నెలో పెట్టింది. పాడలేదు, లెక్కల సూత్రం అప్పజెప్పినట్టు చెప్పింది.

*గడియ మీద చెయ్యి వేసి గట్టిగ నవ్వినాది*
*వేయని గడియ తీసేదెట్లా, తోసుకురావే చెల్లీ*

తలుపు తీసిందా లేదా అని నలభై ఏళ్ళు అడిగాను. గడియే వేసి లేదని ఒక్కసారీ అనుకోలేదు. అక్క తలుపును కిందనుంచి పైదాకా చూశాను. నిజంగానే గడియ లేదు, విరిగిపోయిన మేకు గుర్తులు రెండే ఉన్నాయి.

"నువ్వు మరీను," అంది అక్క. "రాత్రి అంత బాగా పాడి, ఆఖరి ముక్క నన్నడుగుతావేం?"

"నేనెక్కడ పాడాను? పాడింది నువ్వు కదా!"

"నేనా? నేను పాడదామనే వచ్చానే. నువ్వు ఆపగానే అందుకుందామని గొంతు సర్దుకున్నా. నోరు తెరిచేలోపు నువ్వే ఎత్తుకున్నావు. ఎప్పుడు నేర్చుకుందబ్బా అనుకున్నా. నాకేదో అయిపోయింది, ఇంకక్కడ ఉండలేక దిగిపోయా."

"నాకు రాదక్కా ఆ చరణం!"

"నాకు వచ్చు, కానీ నేను పాడలా."

కాగితాల వాసన, జిగురు వాసన తప్ప గదిలో ఇంకేమీ లేదు. ఇద్దరం ఒకేసారి వెనక్కి తిరిగి చూశాం. ఎవరూ లేరు. మళ్ళీ ఒకరినొకరం చూసుకున్నాం.

"అబద్ధం," అన్నాను ముందుగా.

"నాకేం పనే అబద్ధమాడటానికి? నిద్రలో విని ఉంటావు చిన్నప్పుడు. నిద్ర నటించేదానివి కదా, నాకు తెలీదనుకున్నావా."

"మరి గొంతు అమ్మదిలా ఎందుకుంది?"

"నీ గొంతు అమ్మ గొంతే. అద్దంలో మొహం చూసుకుంటావు గానీ గొంతెక్కడ వింటావు?"

"అందరూ నీ గొంతు అమ్మదంటారు!"

"ఎవరంటారు? పేర్లు చెప్పు."

మా ఆయనకు ఫోన్ చేశాం. స్పీకరు పెట్టాం. అక్క చేతులు జిగురు కాబట్టి ఫోన్ నేను పట్టుకున్నాను, ప్రశ్నలు అక్క వేసింది.

"మరిదిగారూ, పాడింది నేనా, మీ ఆవిడా?"

అవతల పళ్ళ సెట్టు అరగదీసే మిషను ఆగింది.

"చీకటి కదండీ వదినగారూ... సరిగ్గా చూడలేదు. కళ్ళద్దాలు తుడుచుకుంటున్నా."

"చీకట్లో కళ్ళద్దాలెందుకు తుడుచుకున్నారు?" అన్నాను.

ఆయన పెట్టేశారు.

మధ్యాహ్నం దాకా వాదించుకున్నాం. నేను అట్టలు పట్టుకుంటే అక్క జిగురు పూసింది. మూడు రిజిస్టర్ల పని అయింది, విషయం తేలలేదు. పాడింది నువ్వేనని ఒప్పుకో అని అది, నువ్వే ఒప్పుకో అని నేను. వచ్చే వారం సంఘానికి నాతో వచ్చి, గడియారాలాయన ముందు పాడి చూపిస్తానంది, ఎవరి గొంతు ఎవరిదో ఆయనే తేలుస్తారని. తేలదని ఇద్దరికీ తెలుసు. కుర్చీలు తొమ్మిదే ఉన్నాయన్నాను. స్టూలు తెచ్చుకుంటానంది.

బయల్దేరుతూ చెప్పులు వేసుకున్నాను. గుమ్మం దిగి నాలుగడుగులు వేశాక ఎడమ బొటనవేలి దగ్గర గుచ్చుకుంది. వెనక్కి వెళ్ళి తలుపు తోశాను.